రొయ్యల గుంట ఖాళీ అయ్యాక: తిలాపియానా, శీలావతా, ఇంకేమన్నానా?

పోయిన వేసవిలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, రొయ్య ఇంక నా వల్ల కాదు. ఈసారి తిలాపియా వేస్తా, ఏమంటావు?" అని. నెల్లూరు జిల్లా విడవలూరు పక్కన వాడికి రెండు గుంటలున్నాయి. ఒకటి కాలవను ఆనుకుని రెండెకరాలు, మంచినీళ్లు. రెండోది సముద్రం వైపు ఎకరం, అక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడ్డాయి. "రెండింట్లోనూ అదేనా?" అన్నాను. "చేపే కదా బావా, నీళ్లుంటే పెరగదా!" అన్నాడు.

పెరుగుతుంది. నా దిగులంతా అదే. తిలాపియా ఎక్కడైనా పెరుగుతుంది, వద్దన్నా పెరుగుతుంది. రొయ్య వేసినవాడికి తెల్లవారుజామున కరెంటు పోతే గుండె ఆగినంత పనవుతుంది. దీనికి ఆ టెన్షన్ తక్కువ. తక్కువ కాబట్టే వేసేముందు అడగాల్సిన మూడు సంగతులు ఎవరూ అడగరు. వేస్తున్న పిల్లలన్నీ మగవేనా? వానలకు గట్టు తెగితే ఆ చేప ఎటు పోతుంది? అర కిలో చేప పట్టిన రోజు కొనేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు ఉన్నవాళ్లకు తిలాపియా మంచి పంట. ఒక్కదానికి లేకపోయినా శీలావతే (రోహు చేప) నయం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గుంట పెట్టుకుని ఏది వేద్దామా అని ఊగుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. మిగతాదంతా ఎందుకో వివరంగా చెప్పడమే.

ముందు, ఏ తిలాపియా?

తిలాపియా ఆఫ్రికా చేప. ఈజిప్టు సమాధుల గోడల మీద నాలుగు వేల ఏళ్ల కిందటి బొమ్మల్లోనే ఉంది. మన దేశానికి మొదట వచ్చింది మొజాంబిక్ రకం. 1952లో శ్రీలంక నుంచి తెచ్చారు. చెరువుల్లో వదిలితే పేదవాడికి చవకగా మాంసకృత్తులు దొరుకుతాయని అప్పటి ఆశ. జరిగింది వేరు. రెండు మూడు నెలల వయసుకే గుడ్లు పెట్టేసి, చెరువు నిండా అరచెయ్యి కూడా లేని చేపలు నింపేసింది. ఉన్న మేతంతా అదే తినేసి మన బొచ్చెకూ (కట్ల) శీలావతికీ మిగల్చలేదు. 1959 నాటికే దాన్ని ఇంక పెంచొద్దని, కొత్త చెరువుల్లో వదలొద్దని మత్స్య పరిశోధనా కమిటీ చెప్పేసింది. అప్పటికే దక్షిణాది చెరువుల్లో అది కాపురం పెట్టేసింది. గాలానికి పడే, నల్లగా ముడుచుకుపోయినట్టుండే చిన్న తిలాపియా ఆ సంతతే. తమిళనాడు వైపు జిలేబీ అని పిలిచేది దీన్నే. తిలాపియా అంటే మన పెద్దవాళ్లు మొహం చిట్లించడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు గుంటల్లో పెంచమని చెప్పేది నైలు నది తిలాపియా. అందులోనూ 'గిఫ్ట్' అనే రకం. జన్యుపరంగా మెరుగుపరిచిన సాగు తిలాపియా అని ఆ ఇంగ్లిషు పొడి పేరుకు అర్థం. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టి, ఆఫ్రికా నుంచి తెచ్చిన చేపలనూ ఆసియాలో అప్పటికే ఉన్నవాటినీ కలిపి, ప్రతి తరంలో బాగా పెరిగినవాటిని ఏరి, వాటి పిల్లల్లో మళ్లీ ఏరి తయారుచేశారు. మన ఒంగోలు గిత్తను తరాల తరబడి ఏరి నిలబెట్టుకున్న పద్ధతే. పేరులో 'జన్యు' అన్న మాట ఉండేసరికి ఇది జన్యుమార్పిడి చేప అని పుకారు పుట్టింది. కాదు. మన రాష్ట్రంలో, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా కింద పనిచేసే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం కృష్ణా జిల్లా మానికొండలో ఈ రకాన్ని అభివృద్ధి చేసి పిల్లను ఇస్తోంది.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా కనిపిస్తుంది. నాటు తిలాపియా ఆరు నెలలకు నూరు నూటయాభై గ్రాముల దగ్గర ఆగిపోతుంది. మగ గిఫ్ట్ పిల్లకు సరైన మేత వేస్తే అదే ఆరు నెలల్లో అర కిలో, ఒక్కోసారి ఆ పైన. కాబట్టి "తిలాపియా పిల్ల చవకగా దొరుకుతోంది" అని ఎవరన్నా చెబితే, ఏ తిలాపియా అన్నది తేలేదాకా జేబులో చెయ్యి పెట్టొద్దు.

మగ పిల్ల లెక్క

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. నేను చెయ్యి కాల్చుకున్నది ఇక్కడే.

తిలాపియా ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పొదిగినన్నాళ్లూ సరిగా తినదు, పెరగదు. పిల్లలు ఈదే స్థితికి వచ్చి బయటికి పోయాక కొన్నాళ్లు తిని, మళ్లీ గుడ్లు. నీళ్లు వెచ్చగా ఉంటే నెలా నెలన్నరకు ఒకసారి ఇదే తంతు. మగదానికి ఈ బాధ లేదు. తిన్నదంతా ఒంటికి పడుతుంది. అందుకే హేచరీల్లో పిల్ల మేత అందుకున్న రోజు నుంచి 21 రోజుల పాటు హార్మోన్ కలిపిన మేత పెట్టి దాదాపు అన్నింటినీ మగవిగా మారుస్తారు. దీనికే మోనోసెక్స్ పిల్ల అని పేరు. "హార్మోన్ చేప తింటే మనకేమవుతుందో" అని అడిగేవాళ్లుంటారు. ఆ మేత పెట్టేది పిల్ల వడ్లగింజంత ఉన్నప్పుడు, మూడు వారాలు. చేప మన కంచంలోకి వచ్చేది ఆ తర్వాత అయిదారు నెలలకు. ఈలోగా అది ఒంట్లో నిలవదు. ఆ మందుతో జాగ్రత్తగా ఉండాల్సింది దాన్ని చేత్తో కలిపే హేచరీ పనివాళ్లు.

సరే, 'దాదాపు అన్నీ' అన్నాను కదా. ఆ 'దాదాపు'లోనే లాభనష్టాలున్నాయి. ఎకరానికి 12 వేల పిల్ల వేశారనుకోండి. 99 శాతం మగవైతే ఆడవి 120. 95 శాతమే అయితే 600. ఒక్కో ఆడది ఒక ఈతకు రెండు వందల పిల్లల్నే నిలబెట్టిందనుకున్నా, 600 ఆడవి లక్షా ఇరవై వేల పిల్లల్ని పెడతాయి. మీరు పన్నెండు వేల నోళ్లకు మేత వేస్తుంటే, గుంటలో లక్షకు పైగా నోళ్లు తింటుంటాయి.

నాలుగేళ్ల కిందట నేనూ ఒక స్నేహితుడూ కోవూరు అవతల అరెకరం గుంట లీజుకు తీసుకుని సరదాగా మొదలుపెట్టాం. పిల్ల ఒక దళారి దగ్గర కొన్నాం. "అంతా మోనోసెక్సే సార్, నాదీ పూచీ" అన్నాడు. బిల్లు అడిగితే నవ్వాడు. నాలుగో నెలలో వల వేస్తే వేలెడంత పిల్లలు బుట్టలకు బుట్టలు వచ్చాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నాయో! మేం వేసిన చేప మాత్రం నూటయాభై గ్రాములు దాటలేదు. చివరకు చిన్నవాటిని ఎండబెట్టేవాళ్లకు అడిగిన రేటుకు ఇచ్చి, పెద్దవి చుట్టాలకు పంచి, లీజు డబ్బు నీళ్లలో వదిలేశాం.

కాబట్టి పిల్ల అనుమతి ఉన్న హేచరీ నుంచే, బిల్లుతోనే తెచ్చుకోవాలి. తెచ్చాక నమ్మి ఊరుకోకుండా చూసుకోవాలి. చేప ముప్పై నలభై గ్రాములు వచ్చాక ఒక నూరింటిని పట్టి, వెల్లకిలా తిప్పి, తోక వైపు రెక్కకు ముందున్న రంధ్రాలు చూడండి. మగదానికి రెండు, ఆడదానికి మూడు. కంటికి ఆనకపోతే అక్కడ చుక్క నీలం మందు రాస్తే గీతలు తేలతాయి. నూరింటిలో ఒకటీ రెండూ ఆడవి ఉంటే ఇబ్బంది లేదు. అయిదారు కనిపిస్తే మందకు కొన్ని కొరమీను పిల్లలు వదలండి, ఉప్పు నీటి గుంటైతే పండుగప్ప పిల్లలు. పుట్టిన తిలాపియా పిల్లల్ని అవి తినేస్తాయి. ఒక్క జాగ్రత్త: వదిలే కొరమీను గుంటలో ఉన్న తిలాపియా కంటే చిన్నదై ఉండాలి. లేదంటే అది పంటనే మేస్తుంది.

మంచినీటి గుంటలో శీలావతితో పోలిస్తే

శీలావతి, బొచ్చె మనకు అలవాటైన సేద్యం. ఏడాది వయసున్న నూరు నూటయాభై గ్రాముల పిల్లను వేసి, నూనె తీసిన తవుడును, అదే డీఓబీని, చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కడతాం. చేప వచ్చి పొడుచుకుని తింటుంది. ఎనిమిది పది నెలలకు కిలో, కిలోంబావు. ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి హౌరాకో అస్సాంకో పోతుంది. అడ్వాన్సు ఇచ్చేవాళ్లున్నారు, పట్టే ముఠాలున్నాయి, కొనేవాళ్లున్నారు. ఈ బాటంతా ఎవరో ఎప్పుడో వేసిపెట్టారు, మనం నడిస్తే చాలు.

తిలాపియాకు ఆ బాట ఇంకా సగమే పడింది. డీఓబీ సంచులతో పనికాదు. నీళ్ల మీద తేలే గుళిక మేత, అదీ మాంసకృత్తులు 28 నుంచి 32 శాతం ఉన్నది వేయాలి. పిల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ ఉన్నది. కిలోకు ధర చూస్తే డీఓబీకీ దీనికీ పొంతనే లేదు. అయితే శీలావతికి కిలో బరువు రావడానికి రెండున్నర మూడు కిలోల డీఓబీ పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తిలాపియాకు కిలోన్నర లోపు గుళికలు చాలు. ఈ రెండు లెక్కలూ మీ ఊరి ధరలతో వేసుకోకుండా ఏది లాభమో చెప్పడం కుదరదు.

ఒక ఎకరం తిలాపియా లెక్క నేను వేసి చూపిస్తా. చదరపు మీటరుకు మూడు చొప్పున 12 వేల పిల్ల. నూటికి 85 మిగిలితే 10,200 చేపలు. అర కిలో చొప్పున 5,100 కిలోలు. కిలో చేపకు కిలోన్నర మేత అంటే 7,650 కిలోలు. మేత కిలో 45 రూపాయలనుకుందాం (లెక్క కోసం వేసిన అంకె, మీరు మీ బిల్లు మీదున్నది వేసుకోండి). మేతకే 3,44,250 రూపాయలు, అంటే కిలో చేపకు 67 రూపాయల 50 పైసలు. మేత మొత్తం పెట్టుబడిలో అరవై శాతం అనుకుంటే కిలో చేప మన చేతికి వచ్చేసరికి 112 రూపాయలవుతుంది. గట్టు మీద ఆ పైన ధర ఇచ్చేవాడు దొరక్కపోతే పంట ఎంత బాగా పండినా నష్టమే. ఇదే లెక్కలో మేత పంపకం అజాగ్రత్తగా ఉండి కిలోన్నర కాస్తా కిలో ఎనిమిది వందల గ్రాములైతే కిలోకు 13 రూపాయల 50 పైసలు పెరుగుతుంది. ఎకరానికి దాదాపు 69 వేలు. మేత వేసే కుర్రాడికి జీతం ఇంకో రెండు వేలు పెంచి నమ్మకస్తుణ్ణి పెట్టుకోమని నేను చెప్పేది అందుకే. తిలాపియా ఎంత వేసినా తింటున్నట్టే కనిపిస్తుంది. ఇరవై నిమిషాల్లో తినేసినంత వేసి ఆపెయ్యాలి.

నీళ్ల విషయంలో మాత్రం తిలాపియాదే పైచేయి. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గితే శీలావతి నీళ్ల మీదకి తేలి నోళ్లు తెరుస్తుంది, బొచ్చె ముందే చచ్చిపోతుంది. తిలాపియా ఓర్చుకుంటుంది. కానీ ఓర్చుకున్న చేప మర్నాడు మేత సరిగా తీసుకోదు. చావలేదు కదా అని నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆపేస్తే ఆ మేరకు బరువు పోయినట్టే. చేప పేను బాధ కూడా శీలావతికే ఎక్కువ. పేను మందులకు ఎంత పోస్తున్నామో ఆ సేద్యం చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

నా మొగ్గు చెబుతాను. గుంట పెద్దదై, చేతిలో డబ్బు తక్కువై, ఏడాది ఆగగలిగితే శీలావతి. గుంట ఒకటీ రెండెకరాల లోపు ఉండి, కరెంటు, ఏరియేటర్లు ఉండి, రోజూ గట్టు మీద మనిషి ఉండగలిగితే తిలాపియా. రెండూ కలిపి వేస్తామంటారు కొందరు. శీలావతి గుంటలో పది శాతం మగ తిలాపియా కలిపినవాళ్లు బాగానే ఉందన్నారు గానీ, పట్టుబడి రోజున రెండు సైజుల సరుకు, ఇద్దరు కొనుగోలుదార్లు. ఆ గొడవ పడగలిగితే చూడండి.

ఫంగస్, రూప్‌చంద్

ఫంగస్ అని మనం పిలిచే పంగాసియస్ గాలి కూడా పీల్చగలదు కాబట్టి కిక్కిరిసి వేయొచ్చు. ఎనిమిది నెలల్లో కిలో వస్తుంది. ధర పడినప్పుడు మాత్రం అందరి గుంటలూ ఒకేసారి నిండి ఉంటాయి, దిగుబడి చూసి మురిసినవాళ్లే తలపట్టుకుంటారు. రూప్‌చంద్ తినడానికి బాగుంటుంది, చందువలా ఉందని పట్నంలో కొంటారు, కానీ వల లాగేటప్పుడు సున్నితం. ఈ రెండింటికీ ఉప్పు నీళ్లు తిలాపియా అంత పడవు. ఇంతకుమించి వీటి మీద చెప్పడానికి నా దగ్గర మొగ్గు లేదు. మీ మండలంలో ఇప్పటికే వేస్తున్నవాడు పోయిన రెండు పంటలకు ఎంత మిగిల్చాడో అడిగి వేయండి.

ఉప్పు నీటి గుంట సంగతి

బావమరిది రెండో గుంట ఇది. ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా, అటు ప్రకాశంలో సింగరాయకొండ, టంగుటూరు, కొత్తపట్నం వైపు ఇలాంటి గుంటలు ఖాళీగా చాలా కనిపిస్తాయి. వెనామీ రొయ్య మన దేశంలో 2009లో అనుమతి పొందాక ఈ తీరమంతా దాని మీదే నడిచింది. తర్వాత తెల్లమచ్చ, ఈహెచ్‌పీ అనే రొయ్య జబ్బులు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచేసరికి ధైర్యం ఉన్నవాళ్లు కూడా ఒక పంట ఆపి చూద్దామనుకున్నారు.

రొయ్యకూ తిలాపియాకూ పోలిక పెట్టడమే తప్పేమో. రొయ్య నూరు నూటిరవై రోజుల జూదం. గెలిస్తే తిలాపియా మూడు పంటల్లో ఇవ్వనిది ఒక్క పంటలో ఇస్తుంది. ఓడితే భూమి పత్రాలు బ్యాంకుకు పోతాయి. తిలాపియాలో అంత గెలుపూ లేదు, అంత ఓటమీ లేదు. రొయ్య లాభానికి అలవాటైనవాడికి తిలాపియా లాభం చేతికి ఆనదు. ఇది గుర్తుపెట్టుకుని దిగితే మంచిది.

గిఫ్ట్ తిలాపియా పది పీపీటీ ఉప్పు దాకా (అంటే లీటరు నీళ్లలో సుమారు పది గ్రాములు) ఇబ్బంది లేకుండా పెరుగుతుంది. మెల్లగా అలవాటు చేస్తే పదిహేను దాకా తట్టుకుంటుంది. హేచరీ పిల్ల మంచినీళ్లలో పుట్టింది కాబట్టి సంచి విప్పి నేరుగా ఉప్పు నీళ్లలో వదిలితే పొద్దున్నకి తేలుతుంది. నాలుగైదు రోజులు తొట్టిలో ఉంచి రోజుకు రెండు మూడు పీపీటీ చొప్పున పెంచాలి. అసలు చిక్కు మే నెలలో వస్తుంది. ఫిబ్రవరిలో పది ఉన్న బోరు గుంట ఎండలకు ఇగిరి ఇరవై అయిదు, ముప్పై అవుతుంది. మంచినీళ్లు కలిపే దారి లేని గుంటలో వేసవి పంట వద్దు. మీ బోరు మేలో ఎంత చూపిస్తుందో పోయినేడు రొయ్యకు రాసుకున్న పుస్తకంలో ఉండే ఉంటుంది. అది తీసి చూడండి చాలు.

ఇంకో దారి, రొయ్యను పూర్తిగా వదలకుండా తిలాపియాను తోడు తెచ్చుకోవడం. ఫిలిప్పీన్స్‌లో తిలాపియా పెంచిన గుంట నీళ్లను రొయ్య గుంటలోకి పెట్టి, రొయ్యను చంపే మెరిసే విబ్రియో బ్యాక్టీరియా బాధ తగ్గించుకున్నారు. ఆ పచ్చని నీళ్లలో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు విబ్రియోను ఎదగనివ్వవు. రిజర్వాయరు గుంట ఉన్న రైతు అందులో మగ తిలాపియా వేసి చూడొచ్చు. వైరస్ జబ్బులకు ఇది మందు కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

పండుగప్ప గురించి అడిగేవాళ్లుంటారు. ధరలో దానికీ తిలాపియాకూ హస్తిమశకాంతరం. కానీ అది మాంసాహారి, మేత ఖరీదు. పైగా పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది కాబట్టి మొదటి రెండు నెలలు వారం వారం సైజులు వేరు చేస్తూ ఉండాలి. ఓపికా పెట్టుబడీ ఉన్నవాళ్లకు ఉప్పు గుంటలో తిలాపియా కంటే అదే సరైనది, నిస్సందేహంగా.

కార్తెలు చూసుకుని వేయండి

మన నేల సంగతి తెలియని పుస్తకాల్లో తిలాపియాను ఏడాదికి రెండు పంటలు తీయమని ఉంటుంది. మన జిల్లాలకు వాన ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద గుర్తుందిగా, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. అలాంటి రోజుల్లో గుంట గట్టు ఎంత? శీలావతి గుంట తెగితే నష్టం ఒక్క రైతుది. తిలాపియా గుంట తెగితే ఆ చేప కాలవల్లోకి, చెరువుల్లోకి పోయి 1952 కథ మళ్లీ మొదలవుతుంది.

అందుకని నేను చెప్పే లెక్క ఇది. జనవరి ఆఖరులో పిల్ల తెచ్చి, నెలన్నర చిన్న గుంటలో పెంచి, మార్చి మధ్యలో పెద్ద గుంటకు మార్చాలి. సెప్టెంబరు ఆఖరుకు, చిత్త కార్తె రాకముందే పట్టేయాలి. ఇంకో నూరు గ్రాములు వస్తాయని స్వాతి దాకా ఆగొద్దు. మన దగ్గర చలి దాన్ని చంపేంత ఉండదు. నీళ్లు 12 డిగ్రీలకు పడితే గదా చావడానికి! పుష్య మాసంలో మేత కాస్త తగ్గుతుంది, అంతే. భయపడాల్సింది రోహిణి కార్తెకు. నీళ్లు 32 డిగ్రీలు దాటితే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా విరుచుకుపడుతుంది. చేప కళ్లు ఉబ్బి, గిరగిరా తిరుగుతూ చస్తుంది. పెద్ద చేపే ముందు పోతుంది, కడుపు మండేది అందుకే. ఆ పదిహేను ఇరవై రోజులు మేత సగానికి తగ్గించి, నీటిమట్టం అయిదడుగులకు తగ్గకుండా చూసి, రాత్రంతా ఏరియేటర్ తిప్పాలి. తిలాపియా లేక్ వైరస్ అని ఇంకొకటుంది, మన దేశంలోనూ కనిపించింది. దానికి మందు లేదు. మంచి పిల్ల తెచ్చుకోవడమే దారి.

అనుమతి మాటకొస్తే, రొయ్యల గుంటకు కాగితాలున్నాయి కదా అని ఊరుకోకండి. తిలాపియాకు మత్స్యశాఖ అనుమతి విడిగా కావాలి. వరద ముంపు లేని చోటు, బయటికి పోయే తూముకు జల్లెడ వలలు, పక్షులు పట్టుకుపోకుండా పైన వల, మగ పిల్ల మాత్రమే. ఇవన్నీ చూస్తారు. చాదస్తం అనిపిస్తుంది కానీ, పైన చెప్పిన 1952 కథ వల్లే ఈ నిబంధనలన్నీ. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సబ్సిడీ అడిగేటప్పుడు కూడా ఈ కాగితం ముందుండాలి. జనరల్ వారికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం. సబ్సిడీ వస్తుంది కదా అని గుంట తవ్వకండి. వచ్చేదాకా వడ్డీ మనదే.

తొట్టెలు, పంజరాలు

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల్లో నీళ్లే కరువు. అక్కడివాళ్లకు బయోఫ్లాక్ తొట్టెల ఆశ చూపిస్తున్నారు. నాలుగు మీటర్ల వెడల్పు తొట్టిలో పదిహేను వేల లీటర్లు పడతాయి. చేప విసర్జించినదాన్నే సూక్ష్మజీవులు ముద్దలు కట్టి మళ్లీ మేతగా మారుస్తాయి, తిలాపియా ఆ ముద్దల్ని నీళ్లలోంచి వడకట్టుకుని తినగలదు. ఇదంతా నిజమే. అయితే అంత కిక్కిరిసిన తొట్టిలో గాలి ఆగితే గంటా గంటన్నరలో చావులు మొదలవుతాయి. ఎండాకాలం సాయంత్రం గాలివానకు తీగలు తెగితే కరెంటు ఎప్పుడొస్తుందో పడమటి పల్లెల్లో ఉన్నవాళ్లే చెప్పాలి. జనరేటరు, ఇన్వర్టరు రెండూ లేనివాళ్లు ఒక్క తొట్టి కూడా పెట్టొద్దు. ఉన్నవాళ్లు ఒక్కటి పెట్టి, ఒక పంట తీసి, అప్పుడు రెండోది. పది తొట్టెల ప్యాకేజీ అమ్మేవాడికి లాభం తొట్టెల మీద, చేప మీద కాదు.

సోమశిల, కండలేరులో పంజరాలు వేసి తిలాపియా పెంచొచ్చా అని ఒకాయన అడిగాడు. అనుమతుల మాట అటుంచి, పంజరం వల చిరిగితే అంత పెద్ద జలాశయంలో దాన్ని ఇంక తీసేవాడెవరు? నా ఓటు వద్దనే. కంభం చెరువు లాంటి పాత చెరువులకూ అదే మాట. పంట కుంటల్లో, వాన తర్వాత నాలుగైదు నెలలే నీళ్లుండేచోట, పెద్ద సైజు శీలావతి పిల్లే వేసుకోండి.

కొనేదెవరు?

నెల్లూరులో చేప అమ్మడం కష్టమా అంటారు. చేపల పులుసు పేరుతో ఊరికే పేరొచ్చింది కదా అని. ఆ పేరే అడ్డం. మామిడికాయ వేసి, మెంతిపొడి చల్లి, మర్నాటికి తినే పులుసులోకి కొరమీనో బొమ్మిడాయో, లేదంటే సముద్రం చేపో కావాలి మనవాళ్లకు. తిలాపియా ముక్క మెత్తన, పులుసులో ఒక రాత్రి ఉంటే విడిపోతుంది. మా ఆవిడ ఒకసారి చేసి, "ఇది వేపుడు చేప, పులుసు చేప కాదు" అని తేల్చేసింది. నిజమే. ముళ్లు తక్కువ, కండలో సన్నముళ్లు లేనే లేవు. ముక్కలు కోసి కారం పట్టించి వేయిస్తే పిల్లలు భయం లేకుండా తింటారు. హోటళ్లు, దాబాలు కొనేది ఆ గుణానికే.

కాబట్టి పిల్ల వేయకముందే అమ్మకం మాట్లాడుకోవాలి. మద్రాసు మనకు దగ్గర, జిలేబీ వాళ్లకు కొత్త కాదు. బెంగళూరుకు బతికిన చేప తీసుకుపోయే బండ్లు తిరుగుతున్నాయి. వాళ్లతో సైజు ముందే మాట్లాడుకోండి. కొందరికి మూడు వందల గ్రాములు చాలు, కొందరు అర కిలోకు తగ్గితే ముట్టరు. ఇంకో మాట. నీళ్లు మార్చని గుంటలో నీలిపచ్చ నాచు పెరిగితే చేపకు మట్టి వాసన పడుతుంది. ఒకసారి ఆ వాసన తగిలిన హోటలువాడు మళ్లీ మీ గుంట వైపు చూడడు. పట్టడానికి వారం ముందు ఒక చేప కోసి, ఉప్పు కారం వేయకుండా ఉడకబెట్టి వాసన చూడండి. వాసన ఉంటే నాలుగైదు రోజులు శుభ్రమైన పారే నీళ్లలో ఉంచి, అప్పుడు బండి పిలవండి.

ఇదంతా బావమరిదికి ఒక పూట కూర్చోబెట్టి చెప్పాను. వాడు మధ్యలో రెండుసార్లు లేచి ఫోన్ మాట్లాడి వచ్చాడు. చివరికి కాలవ పక్క గుంట వరదకు మునిగేది కాబట్టి దాన్లో శీలావతే అన్నాడు. ఉప్పు గుంటలో తిలాపియాకు ఒప్పుకున్నాను, మేలో కలపడానికి కాలవ నీళ్లు పైపులో తెచ్చే షరతు మీద. "మరి పట్టుబడి సెప్టెంబరు ఆఖరుకేనా బావా? దసరా పోయాక ధర బాగుంటదంటున్నారే" అన్నాడు లేస్తూ. వాడి చేతిలోంచి తాళాలు లాక్కుని మళ్లీ కూర్చోబెట్టాను.